దగ్గు తగ్గట్లేదు.. బరువు పడిపోతోంది.. టీబీ వెనక హెచ్‌ఐవీ ఉందేమో! సీడీ4 కణాలు తగ్గితే ఒంట్లో జరిగేది ఇదే..

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్.. 2016 అక్టోబర్ 11న మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. కానీ వలస మాట వచ్చిందంటే ఈ మూడూ ఇప్పటికీ పాలమూరే. మట్టి పనికి, కాలువ పనికి, బిల్డింగ్ పనికి ముంబై, పుణె, హైదరాబాద్, బెంగళూరు వెళ్లి వచ్చే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. అలా వెళ్లి వచ్చిన మనిషికి దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం. చొక్కా వదులైపోతోంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే రెండు రోజులు తగ్గి, మళ్లీ మొదలవుతోంది. సిమెంటు దుమ్ము వల్లేమో, తిండి సరిగా లేకనేమో అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

ఆ దగ్గు టీబీ కావచ్చు. ఆ టీబీ ఇప్పుడే బయటపడటానికి కారణం హెచ్‌ఐవీ కావచ్చు. రెండూ వేర్వేరు జబ్బులే, కానీ ఒంట్లో ఒకదానికి ఒకటి దారి చూపిస్తాయి. ఇంతకీ హెచ్‌ఐవీ సోకితే రోగనిరోధక కణాలకు ఏమవుతుంది? అంతవరకూ ఏమీ చేయలేని మామూలు క్రిములు ఒక్కసారిగా ప్రాణాల మీదికి ఎందుకు తెస్తాయి? మాత్రలు వేసుకుంటే మళ్లీ ఎలా కోలుకుంటారు? పూర్తి వివరాలు ఇవీ..

ప్రాణం తీసేది హెచ్‌ఐవీ కాదా?

చాలామంది అనుకునేది ఏంటంటే, హెచ్‌ఐవీ సోకిందంటే ఆ వైరస్సే మనిషిని చంపేస్తుందని. చాలా వరకూ జరిగేది అలా కాదు. వైరస్ ఒంటికున్న కాపలాను తీసేస్తుంది. కాపలా లేని ఇంట్లోకి చొరబడేవి వేరే. టీబీ బ్యాక్టీరియా, నోట్లో ఎప్పుడూ ఉండే ఫంగస్, పావురాల రెట్టలో, మట్టిలో ఉండే ఫంగస్, గాలిలో తిరిగే క్రిములు.. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఇవి పెద్దగా ఏమీ చేయలేవు. అవకాశం దొరికినప్పుడే విరుచుకుపడతాయి. అందుకే వీటిని అవకాశవాద ఇన్ఫెక్షన్లు అంటారు.

అసలు ఎయిడ్స్ అనే జబ్బు ప్రపంచానికి తెలిసిందే ఈ ఇన్ఫెక్షన్ల వల్ల. 1981 జూన్ 5న అమెరికాలో వచ్చిన ఒక వైద్య నివేదికలో, లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని రాశారు. న్యుమోసిస్టిస్ అనే ఆ న్యుమోనియా, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రావడం డాక్టర్లను ఆశ్చర్యపరిచింది. కారణమైన వైరస్ దొరికింది ఆ తర్వాతే.. 1983లో. మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం తొలి కేసులను గుర్తించింది.

సీడీ4.. గుంపు మేస్త్రీ లాంటి కణం

రక్తంలో తెల్లకణాలు ఉంటాయని అందరికీ తెలుసు. వాటిలో చాలా రకాలున్నాయి. క్రిమిని మింగేసేవి కొన్ని. వైరస్ పట్టిన కణాన్ని చంపేసేవి కొన్ని. యాంటీబాడీలు తయారు చేసేవి ఇంకొన్ని. వీటన్నిటికీ పని పురమాయించేది సీడీ4 కణం. దీన్నే హెల్పర్ టీ కణం అని కూడా అంటారు.

పాలమూరు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది గుంపు మేస్త్రీ లాంటిది. మేస్త్రీ తట్ట మోయడు. కానీ ఎవరు తవ్వాలి, ఎవరు మట్టి ఎత్తాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నీ ఆయనే చెబుతాడు. మేస్త్రీ లేకపోతే కూలీలు అక్కడే ఉంటారు, పారలూ ఉంటాయి.. పని మాత్రం జరగదు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఒక చిన్న చుక్క రక్తంలో, అంటే ఒక ఘన మిల్లీమీటరులో, సుమారు 500 నుంచి 1,500 వరకూ సీడీ4 కణాలుంటాయి. ఆస్పత్రి రిపోర్టులో ‘సీడీ4 కౌంట్’ అని కనిపించే అంకె ఇదే.

వైరస్ సరిగ్గా మేస్త్రీనే ఎందుకు పట్టుకుంటుంది?

కణం లోపలికి వెళ్లాలంటే హెచ్‌ఐవీకి ఒక తలుపు కావాలి. ఆ కణం పైన ఉండే సీడీ4 అనే ప్రొటీనే ఆ తలుపు. దాన్ని పట్టుకుని, పక్కనే ఉండే సీసీఆర్5 లాంటి ఇంకో ప్రొటీన్ సాయంతో లోపలికి దూరుతుంది. వెళ్లాక తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుంటుంది. ఆ డీఎన్‌ఏను మనిషి డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది. ఇక ఆ కణం తన పని మానేసి వైరస్‌కు కాపీలు తీసే కార్ఖానా అయిపోతుంది. మందులు వాడని మనిషి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల వరకూ కొత్త వైరస్‌లు పుడతాయని 1990లలో జరిగిన పరిశోధనల్లో తేలింది.

ఇందులో ఇంకో విషయం ఉంది. చనిపోయే సీడీ4 కణాలన్నీ వైరస్ కాపీలు తీస్తూ చనిపోయేవే కాదు. వైరస్ లోపలికి వచ్చి పని పూర్తి చేయలేకపోయిన కణాలు కూడా, ప్రమాదం వచ్చిందని గుర్తించి తమను తామే చంపుకుంటాయి. ఆ చనిపోయే తీరు వాపును పెంచుతుంది. వాపు చూసి ఇంకొన్ని సీడీ4 కణాలు అక్కడికి చేరతాయి. వాటికీ అదే గతి. అంటే ఒళ్లు చేసే పోరాటమే వైరస్‌కు కొత్త కణాలను అందిస్తుందన్నమాట.

మొదటి దెబ్బ పేగుల్లో పడుతుంది. ఒంట్లోని సీడీ4 కణాల్లో పెద్ద భాగం పేగుల గోడల్లోనే ఉంటుంది. వైరస్ సోకిన మొదటి వారాల్లోనే అక్కడ కణాలు భారీగా పోతాయి. కానీ ఆ సమయంలో మనిషికి నాలుగు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి లాంటివి వచ్చి పోతాయి. కొందరికి అవి కూడా ఉండవు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. మందులు వాడకపోతే ఇలా సుమారు 8 నుంచి 10 ఏళ్లు గడిచిపోవచ్చు. కొందరిలో ఇంకా ముందే కౌంట్ పడిపోతుంది. మనిషి పనికి పోతూనే ఉంటాడు, మేస్త్రీలు మాత్రం ఒక్కొక్కరూ తగ్గిపోతుంటారు.

మేస్త్రీ పోతే కూలీలకు ఏమవుతుంది?

సీడీ4 తగ్గితే మిగతా కణాల మీద పడే ప్రభావం ఇలా ఉంటుంది..

క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు: ఇవి టీబీ బ్యాక్టీరియాను మింగుతాయి, కానీ చంపాలంటే సీడీ4 కణం నుంచి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం రావాలి. అది రాకపోతే మింగిన క్రిమి లోపలే బతికి పిల్లలు పెడుతుంది.

చంపే కణాలు, అంటే సీడీ8 కణాలు: ఇవి మొదట్లో హెచ్‌ఐవీ మీద గట్టిగానే పోరాడతాయి. కానీ ఏళ్ల తరబడి విరామం లేకుండా పోరాడి, సీడీ4 సాయం కూడా అందక, అలసిపోతాయి. సంఖ్యలో కనిపిస్తాయి, పని మాత్రం చేయలేవు.

యాంటీబాడీలు తయారు చేసే బీ కణాలు: సీడీ4 సూచన లేకపోతే కొత్త క్రిమికి సరైన యాంటీబాడీ తయారు చేయలేవు. అందుకే వీళ్లకు మామూలు న్యుమోనియా కూడా పదేపదే వస్తుంది.

నోరు, గొంతు, పేగుల కాపలా: ఇక్కడ ఫంగస్‌ను అదుపులో ఉంచే ప్రత్యేక సీడీ4 కణాలుంటాయి. అవి పోతే నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత కడుతుంది. తుడిస్తే ఎర్రగా మంట పుడుతుంది.

టీబీకి ఎందుకంత భయం? దడి కూలిపోతే అంతే

మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఎక్కువగా వచ్చే, ఎక్కువగా ప్రాణం తీసే ఇన్ఫెక్షన్ టీబీ. దీనికి కారణం ఉంది. 2019-21లో జరిగిన జాతీయ టీబీ సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 31 శాతం మంది ఒంట్లో టీబీ ఇన్ఫెక్షన్ నిద్రపోతున్న స్థితిలో ఉంది. వాళ్లకు జబ్బు లేదు. ఎవరికీ అంటించరు కూడా. రోగనిరోధక కణాలు ఆ బ్యాక్టీరియా చుట్టూ చేరి గట్టిగా దడి కట్టేస్తాయి. డాక్టర్లు దీన్ని గ్రాన్యులోమా అంటారు.

వేరుశనగ చేను చుట్టూ కట్టిన దడి గట్టిగా ఉన్నంత కాలం అడవి పందులు బయటే ఉంటాయి. కంప ఎండి రాలిపోతుంటే రోజూ చూసి సరిచేయాలి. ఒంట్లో ఆ పని చేయించేది సీడీ4 కణాలే. అవి తగ్గితే దడి కూలుతుంది, లోపల నిద్రపోతున్న టీబీ లేస్తుంది.

అంకెల్లో చెప్పాలంటే.. హెచ్‌ఐవీ లేని మనిషికి నిద్రపోతున్న టీబీ లేచి జబ్బుగా మారే అవకాశం జీవితం మొత్తంలో 5 నుంచి 10 శాతం. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని మనిషికి అదే ముప్పు ఏడాదికి సుమారు 10 శాతం. జీవితకాలంలో ఉండాల్సిన ముప్పు ఒక్క ఏడాదిలో వచ్చేస్తుందన్నమాట.

పైగా ఇది రెండు వైపులా పనిచేస్తుంది. టీబీ ఉన్నచోట సీడీ4 కణాలు చురుగ్గా గుమిగూడతాయి. హెచ్‌ఐవీకి కావాల్సింది సరిగ్గా చురుగ్గా ఉన్న సీడీ4 కణాలే. అందుకే టీబీ మీద పోరాడే కణాలు మిగతా వాటికన్నా ముందే పోతాయి. టీబీ వల్ల హెచ్‌ఐవీ పెరుగుతుంది, హెచ్‌ఐవీ వల్ల టీబీ పెరుగుతుంది.

ఎక్స్‌రే బాగుంది, కళ్లె పరీక్షలో ఏమీ లేదు.. అయినా టీబీనే!

చాలామంది మోసపోయేది ఇక్కడే. మామూలుగా టీబీ ఉంటే ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగంలో గుంతలు కనిపిస్తాయి, కళ్లెలో బ్యాక్టీరియా దొరుకుతుంది. అయితే ఆ గుంతలు బ్యాక్టీరియా ఒక్కటే చేసినవి కాదు. దాని మీద రోగనిరోధక కణాలు చేసిన యుద్ధం వల్ల ఏర్పడినవి. యుద్ధం చేసే కణాలే లేనప్పుడు గుంత ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే సీడీ4 బాగా తగ్గినవాళ్లలో ఎక్స్‌రే దాదాపు మామూలుగానే కనిపించవచ్చు. కళ్లెలో బ్యాక్టీరియా తక్కువగా ఉండి మైక్రోస్కోపుకు దొరక్కపోవచ్చు. టీబీ మాత్రం మెడ గడ్డలకు, పొట్టకు, మెదడు పొరలకు పాకుతుంటుంది. దగ్గు కూడా లేకుండా ఉత్త జ్వరం, బరువు తగ్గడమే కనిపించొచ్చు. ఇలాంటివాళ్లకు సీబీనాట్, ట్రూనాట్ లాంటి జన్యు పరీక్షలు చేయాలి. బాగా నీరసించిన వాళ్లకు మూత్రంతో చేసే లామ్ పరీక్ష కూడా ఉంది. ‘ఎక్స్‌రే క్లియర్’ అని ఇంటికి వచ్చేసినా జ్వరం, బరువు తగ్గడం ఆగకపోతే మళ్లీ వెళ్లాల్సిందే.

సీడీ4 అంకెను బట్టి ఏ జబ్బు ఎప్పుడు?

సీడీ4 అంకె చూసి ఏ ముప్పు దగ్గర్లో ఉందో డాక్టర్లు అంచనా వేస్తారు.

500 పైన: కాపలా దాదాపు మామూలుగానే ఉంటుంది. అయినా టీబీ ముప్పు ఇతరులకన్నా ఎక్కువే. టీబీకి అంకెతో పని లేదు, ఎప్పుడైనా రావచ్చు.

200 నుంచి 500 మధ్య: టీబీ, పదేపదే న్యుమోనియా, నోట్లో తెల్లపూత, ఒంటికి ఒక పక్కన మంటగా లేచే సర్పి.

200 కన్నా తక్కువ: న్యుమోసిస్టిస్ న్యుమోనియా. పొడి దగ్గు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. గొంతు లోపలికి ఫంగస్ దిగితే ముద్ద మింగడం కూడా కష్టమే. ఈ దశను తీవ్ర హెచ్‌ఐవీ దశగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది.

100 కన్నా తక్కువ: మెదడుకు వచ్చే టాక్సోప్లాస్మా, క్రిప్టోకాకస్ మెనింజైటిస్. రోజుల తరబడి తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు తడబడటం, ఫిట్స్.

50 కన్నా తక్కువ: కంటి రెటీనాను తినేసే సీఎంవీ వైరస్. చూపు పోవచ్చు.

వీటిలో చాలా వాటిని ముందే ఆపొచ్చు. సీడీ4 350 కన్నా తగ్గినవాళ్లకు ఇచ్చే కోట్రైమాక్సజోల్ మాత్ర న్యుమోసిస్టిస్‌ను, టాక్సోప్లాస్మాను దూరం పెడుతుంది. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం.. ఈ నాలుగూ లేవని చూసి, టీబీ లేదని తేల్చాక, టీబీ రాకుండా ముందు జాగ్రత్త మందులు కూడా ఇస్తారు. ఇవన్నీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమే.

మాత్రలు వేసుకుంటే మేస్త్రీలు తిరిగొస్తారా?

వస్తారు. ఇదే అసలు శుభవార్త. దేశంలో ఉచిత ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. అప్పట్లో సీడీ4 బాగా పడిపోతేనే మందులిచ్చేవారు. 2017 నుంచి ఆ షరతు లేదు. సీడీ4 ఎంతున్నా సరే, హెచ్‌ఐవీ తేలగానే మందులు మొదలుపెడతారు.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒక్క మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మూడూ ఉంటాయి. మొదటి రెండూ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోకుండా ఆపుతాయి. మూడోది ఆ డీఎన్‌ఏ మనిషి డీఎన్‌ఏలో అతుక్కోకుండా ఆపుతుంది. కార్ఖానా మూతపడితే, ఒళ్లు కొత్త సీడీ4 కణాలను తయారు చేసుకునే తీరిక దొరుకుతుంది. రోజూ మానకుండా వేసుకుంటే నెలల్లోనే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గుతుంది. అలా తగ్గి నిలకడగా ఉన్న వ్యక్తి నుంచి శృంగారం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదని పెద్ద అధ్యయనాల్లో రుజువైంది.

అయితే వైరస్ పూర్తిగా పోదు. కొన్ని కణాల డీఎన్‌ఏలో దాక్కుని ఉంటుంది. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది. 33 దేశాల్లో 5,472 మందితో జరిగిన ‘స్మార్ట్’ అనే అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మందులు మధ్యమధ్యలో ఆపినవాళ్లకు, ఆపకుండా వాడినవాళ్లతో పోలిస్తే, అవకాశవాద ఇన్ఫెక్షన్ లేదా మరణం ముప్పు రెండింతలకు పైగా ఉందని తేలింది. ‘ఒళ్లు బాగుంది కదా’ అని ఆపడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

మందులు మొదలెట్టాక జ్వరం పెరిగిందా? భయపడి ఆపొద్దు

కొందరికి ఏఆర్‌టీ మొదలైన కొన్ని వారాలకు జ్వరం పెరుగుతుంది, మెడలో గడ్డలు ఉబ్బుతాయి, దగ్గు ఎక్కువవుతుంది. ‘మందు పడలేదు’ అనుకుని చాలామంది మానేస్తారు. నిజానికి జరిగేది వేరు. మేస్త్రీలు తిరిగొచ్చారు. అంతవరకూ చడీచప్పుడు లేకుండా దాక్కున్న టీబీని చూసి, కణాలన్నీ ఒక్కసారిగా మీద పడుతున్నాయి. ఆ హడావుడి వల్ల వచ్చే వాపే ఇది. డాక్టర్లు దీన్ని ఐరిస్ అంటారు. దీనికి చికిత్స ఉంది. వెంటనే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లాలి, సొంతంగా మాత్ర ఆపకూడదు.

ఈ ముప్పు తగ్గించడానికే, టీబీ ఉన్నవాళ్లకు ముందు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు వారాల్లోపు ఏఆర్‌టీ ఇస్తారు. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ ఉంటే ఇంకొన్ని వారాలు ఆగుతారు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్, డొలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది. అందుకే టీబీ చికిత్స నడిచినన్నాళ్లూ 12 గంటల తేడాతో డొలుటెగ్రావిర్ ఇంకో డోసు ఇస్తారు. రెండు చోట్ల రెండు మందులు తీసుకుంటూ ఒక డాక్టర్‌కు చెప్పింది ఇంకో డాక్టర్‌కు దాచిపెడితే నష్టపోయేది రోగే.

వలస వెళ్లేవాళ్లు ఏం చేయాలి?

2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం. తెలంగాణలో 0.47 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అంటే మన దగ్గర జాతీయ సగటుకు రెండింతలకు పైనే. వలస పోవడం తప్పు కాదు, వలస పోయినవాళ్లందరికీ హెచ్‌ఐవీ ఉంటుందనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. కానీ ఊరికి దూరంగా ఉన్నప్పుడు పరీక్ష ఆలస్యమవుతుంది, మందులు మధ్యలో ఆగుతాయి. ప్రాణం మీదికి తెచ్చేవి ఈ రెండే.

పనికి వెళ్లేముందు ఏఆర్‌టీ కేంద్రంలో చెబితే, ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇచ్చే వీలుంది. ఎక్కువ కాలం ఉండేవాళ్లు తమ వివరాలను ముంబై, పుణె, హైదరాబాద్ ఎక్కడైనా అక్కడి ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు. చికిత్స కార్డు వెంట ఉంచుకుంటే దారిలో మందులు పోయినా పని సులువవుతుంది.

పరీక్ష ఎక్కడ? ఊళ్లో తెలిసిపోతుందా?

ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. మీకు దగ్గర్లో ఏ కేంద్రం ఉందో 1097 టోల్‌ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేస్తే చెబుతారు. టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయించాలన్నది జాతీయ విధానం. ఎవరైనా అడగకపోతే మీరే అడగండి. సోకిన మొదటి వారాల్లో పరీక్షలో తేలకపోవచ్చు కాబట్టి, అనుమానం ఉంటే మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం మీ అనుమతి లేకుండా ఇతరులకు చెప్పకూడదు. ఉద్యోగంలో, బడిలో, ఆస్పత్రిలో వివక్ష చూపడాన్ని ఈ చట్టం నిషేధిస్తుంది. టీబీ చికిత్సలో ఉన్నవాళ్లకు పోషకాహారం కోసం కేంద్రం ఇచ్చే సాయం 2024 నవంబర్ 1 నుంచి నెలకు రూ.1,000 అయింది. ఎయిడ్స్ బాధితులకు రాష్ట్ర ప్రభుత్వ పింఛను కూడా వర్తిస్తుంది.

ఇవి ఉంటే ఇంక ఆలస్యం వద్దు

రెండు వారాలు దాటిన దగ్గు. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు. కారణం లేకుండా బరువు తగ్గడం. నెల దాటినా ఆగని విరేచనాలు. నోట్లో తెల్లపూత. ఒంటికి ఒక పక్కన సర్పి. తగ్గని తలనొప్పితో పాటు వాంతులు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా హెచ్‌ఐవీ ఉన్నట్టు కాదు. కానీ పరీక్ష చేయించుకోవడానికి ఒక్కటి చాలు.

సీడీ4 500 ఉన్నప్పుడు తెలుసుకున్న మనిషికి, 50 ఉన్నప్పుడు తెలుసుకున్న మనిషికి ఇచ్చే మాత్ర ఒక్కటే. తేడా ఏంటంటే, మొదటి మనిషి మాత్ర వేసుకుని మర్నాడు పనికి పోతాడు. రెండో మనిషి ముందుగా టీబీతోనో, మెనింజైటిస్‌తోనో ఆస్పత్రి మంచం మీద పోరాడి గెలవాలి. ఆ తేడా తెచ్చేది పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారన్నదే.